ఎత్తు దించిన కారులో టైర్లు ఒకవైపే అరుగుతుంటే: కొలతల నుంచి అలైన్‌మెంట్ దాకా

స్ప్రింగులు మార్చి కారును 30, 40 మి.మీ. కిందికి దించాక టైర్ లోపలి అంచు నున్నబడితే అందరూ చెప్పే మాట ఒకటే: "క్యాంబర్ ఎక్కువైంది, టైర్లు తినేస్తోంది." అందులో సగమే నిజం. రోజూ తిరిగే కారుకు మైనస్ 1.5 డిగ్రీల క్యాంబర్ ఉన్నా, టో సరిగ్గా ఉంటే టైర్ దాదాపు పూర్తి కాలం పనిచేస్తుంది. టో తప్పితే మాత్రం క్యాంబర్ సున్నా ఉన్నా కొన్ని వేల కిలోమీటర్లకే అంచు పోతుంది. రెండూ కలిసినప్పుడు టైర్ లోపలి రెండు అంగుళాలూ అరిగిపోయి, బయటి సగం కొత్తదానిలా మిగులుతుంది.

క్యాంబర్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం. లోపలికి వాలితే మైనస్. టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు దగ్గరికి వచ్చాయా (టో ఇన్), దూరం జరిగాయా (టో అవుట్) అన్నది.

టో ఎందుకంత ప్రమాదమో చిన్న లెక్కతో తెలుస్తుంది. చక్రం 0.25 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే, కారు ఒక కిలోమీటరు నడిచేసరికి ఆ చక్రం సుమారు 4.4 మీటర్లు అడ్డంగా జారాల్సి వస్తుంది. రబ్బరు వంగి కొంత సర్దుకుంటుంది కాబట్టి నిజంగా రాసుకునేది అంతకన్నా తక్కువే. అయినా పది వేల కిలోమీటర్లకు అదెంత అవుతుందో ఊహించుకోండి. క్యాంబర్ అలా టైర్‌ను అడ్డంగా ఈడ్వదు, బరువును ఒక అంచు మీదికి నెడుతుందంతే.

పని వరస ఇలా ఉండాలి: టైర్‌ను చూడడం, వదులు భాగాలు పట్టుకోవడం, ఎత్తు సరిచేయడం, ఆపైన క్యాంబర్, చివర టో. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

టైర్ ఏం చెబుతోందో చూడండి

ట్రెడ్ లోతు కొలిచే గేజ్ ఒకటి కొనుక్కోండి. ప్రతి టైర్‌కూ లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి విడివిడిగా కొలిచి కాగితం మీద రాయండి. చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలిస్తే మరీ మంచిది. కొత్త టైర్‌కు సాధారణంగా 8 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. 1.6 మి.మీ.కి వస్తే గాడి అడుగున ఉన్న అరుగుదల గుర్తు ట్రెడ్‌తో సమానమవుతుంది, ఇక ఆ టైర్ తీసేయాల్సిందే.

దించిన కారులో లోపలి అంచు కంటికి కనబడదు. ముందు టైర్లయితే స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి చూడండి. వెనక వాటికి చక్రం వెనక ఫోన్ పెట్టి వీడియో తీయండి. అక్కడ రబ్బరు పోయి నూలు గానీ, తీగ గానీ బయటపడితే అలైన్‌మెంట్ సంగతి తర్వాత, ముందు ఆ టైర్ మార్చండి. బయటివైపు 5 మి.మీ. ఉంది కదా అని నడిపితే హైవే మీద పగిలేది అక్కడే.

ఇప్పుడు అరచేత్తో ట్రెడ్‌ను అడ్డంగా నిమరండి, ఒకసారి బయటి నుంచి లోపలికి, ఒకసారి లోపలి నుంచి బయటికి. తీగ బయటపడిన టైర్ మీద చేయి పెట్టొద్దు. ఒక దిశలో నున్నగా జారి, రెండో దిశలో రంపపు పళ్లలా గుచ్చుకుంటే తప్పు టోదే. లోపలికి నిమిరితే నున్నగా, బయటికి నిమిరితే గరుకుగా తగిలితే టో ఇన్ ఎక్కువ. దానికి తిరగబడితే టో అవుట్. రబ్బరు జారే వైపున్న అంచు గుండ్రంగా అరిగి, వెనకవైపు అంచు పదునుగా మిగలడం వల్ల ఇలా అవుతుంది. పెన్సిల్ రబ్బరుతో కాగితం మీద రుద్దితే రబ్బరు అంచు ఎలా అరుగుతుందో ఇదీ అంతే.

రెండు వైపులా నిమిరినా నున్నగానే ఉండి, లోపలి నుంచి బయటికి లోతు మెల్లగా పెరుగుతూ పోతే అది క్యాంబర్. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువ. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. చుట్టూ కొంత దూరానికి ఒకటి చొప్పున గుంటలు పడి ఉంటే షాక్ అబ్జార్బర్ బలం పోయింది, లేదా చక్రం బ్యాలెన్స్‌లో లేదు. దించిన కార్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉంటుంది: సస్పెన్షన్ ఎప్పుడూ బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా కుంగకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీదే కూర్చుని ఉండడం. అప్పుడు చక్రం ఎగిరెగిరి పడుతుంది. ఆ గుంటలు ఎంత అలైన్‌మెంట్ చేయించినా ఆగవు. పొట్టి స్ప్రింగుకు తగ్గ పొట్టి షాక్ వేయాలి, లేదంటే ఎత్తు కాస్త పెంచాలి.

దించగానే కోణాలు ఎందుకు మారతాయి

ఎక్కువ కార్లకు ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది: స్ప్రింగు, షాక్ కలిసిన నిలువు స్తంభం, దాని అడుగున చక్రాన్ని పట్టే లోయర్ ఆర్మ్. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్ బయటివైపు కాస్త కిందికి వాలి ఉంటుంది. బాడీ దిగేకొద్దీ ఆ ఆర్మ్ అడ్డంగా సమంగా వస్తుంది, దాని చివరున్న బాల్ జాయింట్ బయటికి నెట్టుకుంటుంది, చక్రం అడుగు బయటికి పోయి తల లోపలికి వాలుతుంది. మైనస్ క్యాంబర్ అలా వస్తుంది. ఇంకా దించితే ఆర్మ్ సమం దాటి పైకి లేస్తుంది, బాల్ జాయింట్ మళ్లీ లోపలికి రావడం మొదలవుతుంది. అందుకే మెక్‌ఫర్సన్ కారును ఎంత దించితే అంత క్యాంబర్ పెరుగుతుందన్న లెక్క ఒక హద్దు వరకే. పైనా కిందా రెండు ఆర్మ్‌లుండే డబుల్ విష్‌బోన్‌లో అలా కాదు, పై ఆర్మ్ పొట్టిగా ఉండటంతో దించేకొద్దీ మైనస్ పెరుగుతూనే పోతుంది.

టై రాడ్ (స్టీరింగ్ ర్యాక్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఇంకో చాపం మీద తిరుగుతుంది. లోయర్ ఆర్మ్ చాపమూ, టై రాడ్ చాపమూ కంపెనీ ఎత్తు దగ్గర కలిసేలా రూపొందిస్తారు. ఎత్తు మారితే రెండూ విడిపోయి చక్రం తనంతట తానే కాస్త తిరుగుతుంది. స్టీరింగ్ ర్యాక్ ఎక్కడుందన్నదాన్ని బట్టి కొన్ని కార్లలో టో ఇన్ వైపు, కొన్నింట్లో టో అవుట్ వైపు పోతుంది. గుంతల్లో స్టీరింగ్ తనే గుంజుకోవడానికి కూడా కారణం ఇదే.

వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని విడివిడిగా కొన్ని ఆర్మ్‌లు పట్టే అమరిక) ఉంటే దించగానే మైనస్ క్యాంబర్‌తో పాటు చాలావరకు టో ఇన్ కూడా పెరుగుతుంది. వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇనుప దూలం) ఉంటే రెండు కోణాలూ బీమ్‌లోనే బిగిసి ఉంటాయి కాబట్టి దించినా పెద్దగా మారవు. బీమ్ ఉన్న కారులో వెనక టైర్ లోపలి అంచు పోతుంటే స్ప్రింగుల్ని తిట్టకండి. బీమ్ గానీ స్టబ్ యాక్సిల్ గానీ ఎప్పుడో గట్టి దెబ్బ తిని వంగి ఉండవచ్చు. పానార్డ్ రాడ్ (యాక్సిల్‌ను అడ్డంగా బాడీకి కట్టిపట్టే కడ్డీ) ఉన్న సాలిడ్ యాక్సిల్ కార్లలో దించగానే యాక్సిల్ మొత్తం ఒక పక్కకు జరుగుతుంది. పొడవు మార్చుకునే రాడ్ వేసి దాన్ని మధ్యకు తేవాలి.

వదులు ఉంటే అలైన్‌మెంట్ దండగ

కారును గట్టి నేల మీద లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేయి పెట్టొద్దు.

చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట రెండు చేతులతో పట్టి ఊపండి. ఆట తగిలితే టై రాడ్ ఎండ్, లోపలి టై రాడ్ లేదా ర్యాక్ చూడాలి. 12, 6 దగ్గర ఊపితే ఆట వస్తే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. ఇంకొకరు బ్రేక్ తొక్కి పట్టుకున్నప్పుడు ఆ ఆట పోతే బేరింగే, పోకపోతే బాల్ జాయింట్. లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు కీలు) దగ్గర ఇనుప కడ్డీతో మెల్లగా తెడ్డు వేసి చూడండి, రబ్బరు చిరిగి ఉంటే కనబడిపోతుంది. స్ట్రట్ పైన మౌంట్ పగిలినా క్యాంబర్ నిలవదు.

దించిన కార్లలో బుష్‌లు తొందరగా చిరగడానికి ఒక కారణం చాలామందికి తెలియదు. లోయర్ ఆర్మ్, వెనక ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు స్వేచ్ఛగా తిరగవు. బోల్ట్ బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుంటుంది, కదలికంతా రబ్బరు మెలితిరగడం వల్లే. కారు జాకీ మీద వేలాడుతుండగా బోల్ట్ పూర్తిగా బిగించేస్తే, దింపగానే ఆ రబ్బరు అప్పటికే మెలిపడి కూర్చుంటుంది. ఇక ప్రతి గుంతకూ ఇంకా మెలిపడుతుంది. పైగా ఆ మెలి స్ప్రింగులా పనిచేసి కారును కొన్ని మిల్లీమీటర్లు పైకి పట్టి ఉంచుతుంది. నెలరోజులకు రబ్బరు చిరిగి ఎత్తు మారుతుంది, చేయించిన టో కూడా మారుతుంది.

అందుకని ఆర్మ్ బోల్టులన్నీ వదులు చేసి, హబ్ కింద జాకీ పెట్టి కారు నేల మీద ఉన్నప్పటి ఎత్తుకు లేపి, అప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగించండి. స్ప్రింగులు వేరే చోట వేయించుకుని ఉంటే ఈ పని జరిగిందో లేదో నమ్మకం పెట్టుకోకుండా మళ్లీ చేయండి. గంటన్నర పని, దానికి తగిన ఫలితం ఉంటుంది.

ఎత్తు

హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైర్ గాలి, అరుగుదల కూడా ఆ లెక్కలో కలిసిపోతాయి. ఒకే యాక్సిల్ మీద ఎడమ, కుడి తేడా 5 మి.మీ.లోపు ఉండాలి. కొత్త స్ప్రింగులు కొంత కుదురుకుంటాయి కాబట్టి 300 నుంచి 500 కి.మీ. నడిపాకే చివరి అలైన్‌మెంట్. ఈలోగా టో మరీ తప్పి ఉంటే ఆ 500 కి.మీ.లోనే టైర్ దెబ్బతింటుంది, కనుక బిగించిన రోజే దారంతో (ఆ పద్ధతి కింద ఉంది) ఒకసారి ఉజ్జాయింపుగా సరిచేయండి.

కాయిలోవర్లు (ఎత్తు తిప్పి మార్చుకునే స్ప్రింగు, షాక్ జంట) ఉన్నవారికి ఒక్క మాట: 10 మి.మీ. పైకో కిందికో తిప్పినా టో మారుతుంది. ఎత్తు మీద మనసు కుదిరాకే అలైన్‌మెంట్‌కు వెళ్లండి. పండక్కి ఒక ఎత్తు, ప్రయాణానికి ఒక ఎత్తు అనుకుంటే టైర్ల ఖర్చుకు సిద్ధపడాల్సిందే.

యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకులు కూడా చూడండి. దించాక బార్ తిరిగిన కోణం వల్ల లింక్ షాక్‌కో, యాక్సిల్ షాఫ్ట్‌కో తగలవచ్చు. రెండు వైపులా పొడవు ఒకటే కాకపోతే బార్ మెలిపడి ఒక మూల బరువు ఎక్కువ పడుతుంది.

ఏ కొలతలు పెట్టుకోవాలి

రోడ్డు మీదే వాడే, ఓ మాదిరిగా దించిన కారుకు మొదలుపెట్టడానికి ఇవి పనికొస్తాయి. ముందు క్యాంబర్ మైనస్ 1.0 నుంచి 1.5, వెనక మైనస్ 1.0 నుంచి 1.8 డిగ్రీలు. ఎడమ, కుడి తేడా 0.3 మించకూడదు. ముందు టో ఒక్కో చక్రానికి సున్నా నుంచి 0.05 డిగ్రీల టో ఇన్. వెనక ఒక్కో చక్రానికి 0.05 నుంచి 0.10 టో ఇన్. వెనక టో అవుట్ మాత్రం వద్దు, టైర్ సంగతి అలా ఉంచి, తడి రోడ్డు మీద వెనకభాగం పక్కకు జారుతుంది. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) రెండు వైపులా 0.5 డిగ్రీల తేడాలో ఉంటే చాలు.

టో విషయంలో మీ కారు మాన్యువల్‌లో ఇచ్చిన అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. దించాక కూడా టో కంపెనీ కొలతకే రావాలి, సడలింపు ఇవ్వాల్సింది క్యాంబర్‌కు. చాలా షాపుల్లో ఇది తిరగబడుతుంది. అలైన్‌మెంట్ మెషిన్ తెర మీద క్యాంబర్ ఎర్రగా చూపిస్తోందని గంటసేపు దాంతో కుస్తీ పట్టి, టోను ఆకుపచ్చ గీత అంచున వదిలేస్తారు.

ఏ భాగాలు కావాలి

క్యాంబర్ అనుకున్న హద్దులో ఉంటే ఏమీ కొనకండి. దాటితేనే.

మెక్‌ఫర్సన్ స్ట్రట్‌ను నకుల్‌కు (హబ్‌ను పట్టుకునే ఇనుప భాగం) రెండు బోల్టులతో కలిపే కార్లలో తక్కువ ఖర్చుతో అయ్యేది క్యాంబర్ బోల్ట్. మధ్యలో ఉబ్బెత్తు ఉన్న సన్నటి బోల్ట్ ఇది. మామూలుగా పై బోల్ట్ స్థానంలో వేసి తిప్పితే నకుల్ వాలు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దాకా మారుతుంది. అసలు బోల్ట్ కన్నా సన్నం కాబట్టి టార్క్ కూడా తక్కువే ఉంటుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఎంతుంటే అంతే బిగించాలి, ఇంపాక్ట్ గన్ వాడొద్దు. అడుగున రెండో బోల్ట్ కూడా కొత్తది వేయడం మేలు, ఎందుకంటే ఇప్పుడు జారకుండా పట్టుకునే భారం దాని మీదే ఎక్కువ. స్ట్రట్, నకుల్ కలిసే చోట పెయింట్ దళసరిగా ఉంటే గీకేయండి. ఆ పెయింట్ నలిగి బిగింపు వదులవడం వల్లే "బోల్ట్ జారిపోయింది" అనే ఫిర్యాదులు చాలా వస్తాయి.

స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేట్ వేస్తే ఎక్కువ సర్దుబాటు దొరుకుతుంది, కానీ రబ్బరు మౌంట్ పోయి ఇనుప బేరింగ్ వస్తుంది కనుక చప్పుడు పెరుగుతుంది. రోజువారీ కారుకు అది అవసరమని అనుకోను.

వెనక మల్టీలింక్‌కు పొడవు మార్చుకునే క్యాంబర్ ఆర్మ్ వేస్తున్నప్పుడు టో సర్దుకునే వీలు ఇంకా మిగిలి ఉందో చూసుకోండి. క్యాంబర్ తగ్గించేకొద్దీ టో కూడా కదులుతుంది. కంపెనీ ఇచ్చిన ఎక్సెంట్రిక్ బోల్ట్ (తిప్పితే ఆర్మ్‌ను అటూ ఇటూ జరిపే బోల్ట్) చివరికంటా తిరిగిపోయి టో ఇంకా రాకపోతే టో ఆర్మ్ కూడా కావాలి. ఒకటి కొని ఆగిపోయిన కార్లే షాపుల చుట్టూ తిరుగుతుంటాయి. పాత కార్లలో ఆ ఎక్సెంట్రిక్ బోల్ట్ బుష్ లోపలి గొట్టానికి తుప్పు పట్టి అతుక్కుని ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టండి. తల తిరుగుతున్నా బోల్ట్ బయటికి రాకపోతే కోసేసి కొత్త బుష్, కొత్త బోల్ట్ వేయడం తప్ప దారి లేదు.

బీమ్ యాక్సిల్‌కు హబ్, బీమ్ మధ్య పెట్టే వాలు షిమ్‌లు (ఒకవైపు దళసరిగా ఉండే పలుచటి బిళ్లలు) దొరుకుతాయి. అవి కోణం కొలిచాకే కొనాలి, అంచనా మీద కాదు.

మైనస్ క్యాంబర్ తగ్గిస్తే చక్రం తల బయటికి వస్తుంది. వెడల్పు రిమ్, స్పేసర్లు ఉన్నచోట టైర్ ఫెండర్ అంచుకు తగలవచ్చు. సర్దాక మూలను బలంగా నొక్కి చూడండి, స్టీరింగ్ చివరికంటా తిప్పి ఒకసారి, వెనక మనుషుల్ని కూర్చోబెట్టి ఒకసారి.

ఇంట్లో దారంతో కొలవడం

కావలసినవి: నాలుగు స్టాండ్లు లేదా పొడవాటి రెండు గొట్టాలు, సన్నటి నైలాన్ దారం, అర మిల్లీమీటరు గీతలున్న ఉక్కు స్కేలు, డిజిటల్ యాంగిల్ గేజ్ లేదా తూకం గుండు, ముందు చక్రాల కింద వేయడానికి నున్నటి రేకులు లేదా టైల్స్ జంటలు, వాటి మధ్య రాయడానికి గ్రీజు (టైర్ అడుగు నేలకు పట్టుకోకుండా జారడానికి).

నేల సమంగా ఉండాలి. రసమట్టంతో నాలుగు చక్రాల చోటూ చూసి, పల్లం ఉన్నచోట అట్టలో రేకులో వేసి 2, 3 మి.మీ.లోపు తేండి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు తలుపు స్తంభం మీది స్టిక్కర్ ప్రకారం నింపండి. ట్యాంక్ సగం, డిక్కీలో మామూలుగా ఉండే సామానే. ఎప్పుడూ ఒక్కరే నడిపే కారయితే డ్రైవర్ సీటులో అంత బరువు పెట్టి కొలవడం సరైన పద్ధతి. దించిన కారులో స్ప్రింగ్ గట్టిది కాబట్టి తేడా తక్కువే ఉంటుంది, అయినా ఉంటుంది.

జాకీ మీంచి దింపి నేరుగా కొలిచేయకండి. వేలాడిన చక్రం దిగేటప్పుడు టైర్ నేలకు పట్టుకుని అడుగు లోపలే ఆగిపోతుంది, క్యాంబర్ తప్పుగా కనబడుతుంది. కారును కొన్ని మీటర్లు ముందుకు, వెనక్కు నెట్టి, రెండు చివరలా కిందికి నొక్కి వదలండి.

1. స్టీరింగ్ నేరుగా పెట్టి కదలకుండా కట్టండి. చాలా కొలతలు ఇక్కడే పాడవుతాయి.

2. కారుకు రెండు వైపులా హబ్ మధ్య ఎత్తులో దారం లాగండి. ముందు యాక్సిల్ దగ్గర ఎడమ హబ్ క్యాప్ నుంచి దారం దూరం, కుడి హబ్ క్యాప్ నుంచి దారం దూరం సమానం కావాలి. వెనక యాక్సిల్ దగ్గర కూడా అంతే. ముందు, వెనక దూరాలు ఒకదానికొకటి సమానం కానక్కర్లేదు, ట్రాక్ వెడల్పులు వేరుగా ఉంటాయి. దారాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో కారు ముందూ వెనకా అడ్డంగా కొలిచి ఖాయం చేసుకోండి.

3. ఒక్కో రిమ్‌కు ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి కొలవండి. ముందు దూరం ఎక్కువుంటే టో ఇన్. రెండు బిందువుల మధ్య 450 మి.మీ. ఉంటే 1 మి.మీ. తేడా అంటే 0.13 డిగ్రీలు. అర మిల్లీమీటరు తప్పు చదివినా 0.06 డిగ్రీలు పోయినట్టే, అందుకే మూడుసార్లు కొలిచి సగటు తీయమంటారు.

4. రిమ్ కాస్త వంగి ఉంటే ఆ వంకర మీ కొలతలోకి వస్తుంది. కారును చక్రం సగం చుట్టు తిరిగేంత నెట్టి, మళ్లీ కొలిచి, రెండింటి సగటు వాడండి.

5. క్యాంబర్‌కు యాంగిల్ గేజ్‌ను రిమ్ పై అంచుకు, కింది అంచుకు ఆనించిన నిటారు పట్టీ మీద పెట్టండి. నేల మీద ముందుగా సున్నా చేసుకోవాలి. గేజ్ లేకపోతే తూకం గుండు దారం నుంచి పై అంచుకూ కింది అంచుకూ దూరం కొలవండి. 450 మి.మీ. మీద 8 మి.మీ. తేడా దాదాపు ఒక డిగ్రీ.

సర్దడం

వెనక చక్రాలు ముందు. వెనక టో ఎడమ కుడి సమంగా లేకపోతే కారు వంకరగా నడుస్తుంది, దాన్ని సరిపెట్టడానికి మీరు స్టీరింగ్ కాస్త తిప్పి పట్టుకోవాల్సి వస్తుంది. ఆ తప్పు పేరు థ్రస్ట్ యాంగిల్, రెండు చక్రాల టో తేడాలో సగం. ఎడమ ప్లస్ 0.20, కుడి సున్నా అయితే 0.10 డిగ్రీలు. ముందువైపు ఎంత సర్దినా ఇది పోదు.

తర్వాత ముందు క్యాంబర్. రెండు వైపులా కుదిరాక బోల్టులు పూర్తి టార్క్‌కు బిగించి, కారును నెట్టి మళ్లీ కొలవండి. బిగించేటప్పుడే 0.2 డిగ్రీలు కదిలిపోవడం మామూలే.

చివర ముందు టో. టై రాడ్ లాక్ నట్ వదులు చేసి, రాడ్‌కూ ఎండ్‌కూ పెయింట్‌తో గీత గీయండి. ర్యాక్ బూట్ క్లిప్ కూడా వదులు చేయకపోతే రాడ్‌తో పాటు బూట్ మెలిపడి చిరుగుతుంది. పిచ్ 1.5 మి.మీ. ఉన్న మర, స్టీరింగ్ ఆర్మ్ 130 మి.మీ. అనుకుంటే ఒక పూర్తి చుట్టు 0.66 డిగ్రీలు. అంటే పావు చుట్టుకే 0.16. పానా పెట్టి ఒక్క ఊపు ఊపేంత పని కాదిది, ఎనిమిదో వంతు చుట్ల లెక్కలో వెళ్లండి. ర్యాక్ యాక్సిల్‌కు వెనక ఉంటే రాడ్ పొడవు పెంచితే టో ఇన్ వస్తుంది, ముందుంటే టో అవుట్. స్టీరింగ్ నేరుగా నిలవాలంటే రెండు వైపులా సమంగా తిప్పాలి. లాక్ నట్ బిగించేటప్పుడు ఎండ్‌ను రెండో పానాతో పట్టుకోండి, లేకపోతే తిప్పినదంతా కదిలిపోతుంది.

మెషిన్ దగ్గర చేయించుకుంటే

దారంతో చేశాక కూడా ఒకసారి మెషిన్ మీద చూపించుకోవడం మంచిదే. ముందే నాలుగు సంగతులు అడగండి: నాలుగు చక్రాలకూ సెన్సర్లు పెడతారా, రిమ్ వంకర సరిచూసుకుంటారా, సర్దకముందు కొలతల కాగితం ఇస్తారా, మీరు చెప్పిన అంకెలకు పెడతారా. "ముందు టో మాత్రం చేస్తాం" అంటే ఇంకో చోటు చూసుకోండి.

ర్యాంప్ ఎక్కేటప్పుడు బంపర్ తగలకుండా చెక్క పలకలు రెండు తీసుకెళ్లండి.

కాగితం మీద అంకెలు చదివేటప్పుడు 0°12′ అని ఉంటే అది 12 నిమిషాలు, అంటే 0.20 డిగ్రీలు. 0.12 డిగ్రీలతో కలిపేసుకోకండి. 0°30′ అంటే అర డిగ్రీ. ఆకుపచ్చ రంగు కనబడగానే సంతోషపడకుండా ఎడమ కుడి అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. అనుమతించిన హద్దులో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఉన్నా మెషిన్ ఆకుపచ్చే చూపిస్తుంది.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ మళ్లీ సున్నా చేయించండి. లేన్ కెమెరా ఉంటే దాని కాలిబ్రేషన్, హెడ్‌లైట్ల ఎత్తు కూడా చూసుకోవాలి. ముందుభాగం ఎక్కువ దిగితే వెలుగు దగ్గరే పడి దూరం కనిపించదు.

తర్వాత

నేరుగా, సమంగా ఉన్న రోడ్డు మీద నడిపి చూడండి. ఒకవైపు గుంజుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ నడపండి, దిశ బాణం ఉన్న టైర్లు కాకపోతేనే. గుంజుడు కూడా దిశ మార్చితే తప్పు టైర్‌లో ఉంది. మారకపోతే క్యాంబర్, క్యాస్టర్ తేడా చూడాలి. కారు ప్లస్ క్యాంబర్ ఎక్కువున్న వైపుకు, క్యాస్టర్ తక్కువున్న వైపుకు లాగుతుంది.

రంపపు పళ్లు పడిన పాత టైర్ అలైన్‌మెంట్ సరయ్యాక కూడా బేరింగ్ పోయినట్టు హోరుమంటూనే ఉంటుంది. ఆ చప్పుడు విని మళ్లీ అలైన్‌మెంట్‌కు పరిగెత్తకండి. వెనకకు వేసి కొన్ని వేల కిలోమీటర్లు నడిపితే తగ్గవచ్చు, తగ్గకనూ పోవచ్చు.

8,000 నుంచి 10,000 కి.మీ.కి ఒకసారి టైర్లు ముందువి వెనక్కు మార్చండి. ముందు, వెనక వెడల్పులు వేరైన కార్లలో అది కుదరదు. అక్కడ బాణమూ, "అవుట్‌సైడ్" గుర్తూ రెండూ లేని టైర్ అయితే రిమ్ మీంచి విప్పి తిరగేసి ఎక్కించవచ్చు, లోపలి అంచు బయటికి వస్తుంది. "అవుట్‌సైడ్" అని ముద్ర ఉన్న టైర్‌ను అలా తిప్పకూడదు. బాణం ఉన్నదాన్ని తిరగేస్తే కారుకు రెండో వైపున వేసుకోవాలి.

3,000 కి.మీ. తర్వాత మళ్లీ ఆ మూడు గాడులూ కొలిచి మొదటి కాగితంతో పోల్చండి. లోపలి గాడి బయటిదానికన్నా 0.3 మి.మీ.లోపే ఎక్కువ అరిగి ఉంటే ఆ కొలతల్ని అలాగే వదిలేయండి. అర మిల్లీమీటరు దాటితే ముందుగా హబ్ నుంచి ఫెండర్ ఎత్తు మళ్లీ కొలవండి. ఎత్తు మారి ఉంటే స్ప్రింగో బుషో దిగిందన్నమాట, టో మళ్లీ చూడాలి. ఎత్తు మారలేదు, టో కూడా సరిగ్గానే ఉంది అంటే అప్పుడు క్యాంబర్‌ను పావు డిగ్రీ తగ్గించి, టోను మళ్లీ కంపెనీ కొలతకు తెచ్చి, ఇంకో 3,000 కి.మీ. చూడండి.